గాలి లేని రోజు

"ఇవేమిటో మీరే చెప్పండి," అంటూ అక్క ఉతికిన చొక్కాలన్నీ తెచ్చి మంచం మీద పరిచింది.

తల తుడుచుకుంటున్న బావ తువ్వాలు మొహం మీదే ఉంచేసుకున్నాడు.

"చొక్కాలంటారు," అన్నాడు తువ్వాలు లోపల్నుంచి.

"నవ్వులాటగా ఉందా? జేబులు చూడండి."

ఒక్కో జేబునూ లోపలి వైపు బయటికి తిప్పి ఉంచింది ఆవిడ. కుట్టు వెంట తెల్లటి ముద్ద గట్టిపడి ఉంది. ఒకదాంట్లో మాత్ర ఇంకా పూర్తిగా కరగనే లేదు. మధ్యలో గీత కూడా కనిపిస్తోంది.

"సిమెంటు అనుకున్నాను. సైటుకి పోయే మనిషి జేబులో సిమెంటు కాక ఇంకేముంటుందిలే అనుకున్నాను. బ్రష్షు పెట్టి మరీ తోమాను. నా చేత్తో ఇచ్చిన మందుని నా చేత్తోనే ఉతికి కాలవలో పోశానండీ!"

ఇక్కడో మాట చెప్పుకోవాలి. అతను ఈవిడకి బావ కాదు, తాళి కట్టిన మొగుడు. కాకపోతే, సైటులో క్రేన్ కింద నిలబడి కొక్కేనికి బరువులు తగిలించేది ఈవిడ సొంత తమ్ముడు. వాడు వాకీటాకీలో పొద్దస్తమానం "బావా ఎత్తు, బావా ఆపు, బావా మెల్లిగా" అని అరుస్తుంటే విని విని, సైటు మొత్తానికీ ఆ క్రేన్ నడిపే మనిషి బావ అయిపోయాడు. ఇంజనీరు కూడా బావగారూ అనే పిలుస్తాడు. ఆ లెక్కన ఈవిడ అందరికీ అక్క. పేర్లు పెళ్ళి శుభలేఖలోనే ఉండిపోయాయి.

ఆ తమ్ముడే ఇప్పుడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. మెడలో ఈల వేలాడుతోంది. నిన్న మధ్యాహ్నం ఇనుప చువ్వల కట్ట తన నెత్తి మీద మనిషెత్తు దూరంలో ఊగిపోయి ఆగినప్పటి నుంచీ వాడు సరిగా అన్నం తినలేదు. ఏమైంది బావా అని అడిగితే పైనుంచి "గాలి" అని జవాబొచ్చింది. క్రేన్ కొసన కట్టిన గుడ్డముక్క తడిగుడ్డలా వేలాడుతోంది. గాలి ఎక్కడిది? సాయంత్రం బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళితే అప్పుడు ఒప్పుకున్నాడు బావ, కుడిచెయ్యి కాసేపు తనది కాకుండా పోయిందని.

"ఎందుకు చేశారీ పని? మింగలేకపోయారా? చేదా?" అంది అక్క.



"చెప్పు బావా. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు నోర్మూసుకోరా."

"మూసుకునే కదా ఇన్నాళ్ళూ ఉంది. పొద్దున ఎక్కేముందు నువ్వు గుక్కెడు నీళ్ళు కూడా తాగవని నాకు తెలీదా?"

బావ తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. భుజాలు బండల్లా ఉండే మనిషి, ఆ క్షణాన బడిలో తిట్లు తిన్న పిల్లాడిలా ఉన్నాడు.

"ఆ పొద్దుటి బీపీ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటికొస్తుంది," అన్నాడు చివరికి. "పైన ఎక్కడికి పోను? కొక్కేనికి టన్నుల బరువు వేలాడుతుంటే, దాని కింద వీడు నిలబడి ఉంటే, ఆగరా అబ్బాయ్, ఇప్పుడే ఒంటికి పోయొస్తా అనమంటావా? ఎక్కితే భోజనాల దాకా దిగేది లేదు. అందుకని సెలవు రోజున వేసుకునేవాణ్ణి. కంపెనీ వాళ్ళ పరీక్షలకి ముందు మాత్రం కొన్నాళ్ళు ఎలాగో ఓర్చుకుని రోజూ వేసుకునేవాణ్ణి."

"అందుకా ఆ పరీక్షల్లో ఎప్పుడూ అంతా బాగుందని వచ్చేది! మరి రాత్రి వేసుకునే కొవ్వు మాత్రకేం రోగం?"

"కాళ్ళు పీకుతున్నాయే. నిచ్చెన ఎక్కి బతికేవాడికి కాళ్ళు లేకపోతే ఏముంది?"

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"నీతో అంటే నువ్వు డాక్టరమ్మతో అంటావు. మన పెద్దదాని ఈడు పిల్ల. ఆవిడ ముందు కూర్చుని ఒంటికి సంగతులు మాట్లాడమంటావా?"

అక్కకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గట, సిగ్గు! మేఘాల్లో కూర్చుని ఊరంతా చూసే మనిషికి ఒంటికొస్తుందని చెప్పడానికి సిగ్గొచ్చింది.

"ఎందుకే వాణ్ణి అట్లా నిలదీస్తావు?" గోడవారన చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు అందుకుంది. "మా వంశంలో మగాళ్ళెవరూ మాత్రలు మింగి ఎరగరు. వీళ్ళ నాన్న నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పోయాడు. పెదనాన్న అన్నం కలుపుకుంటూ పోయాడు. బాబాయి గడ్డం గీసుకుంటూ అద్దం ముందే ఒరిగిపోయాడు. పుణ్యాత్ములు, ఒక్కళ్ళూ మంచాన పడి ఎవరి చేతా చేయించుకోలా..."

ఈ మాటలు ముసలావిడ ఎన్నిసార్లు చెప్పిందో. ప్రతిసారీ అదో వరంలా చెప్పేది, ఇంట్లోవాళ్ళు అలాగే వినేవాళ్ళు. ఇవాళ మాత్రం ఎవరూ తల ఊపలేదు. తమ్ముడు బావ వంక చూశాడు. ముసలావిడకి తన మాటలు తనకే వినిపించినట్టున్నాయి, చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఇవాళే ఇంజనీరుకి చెప్పేయండి," అంది అక్క.

"చెప్తే? లైసెన్సు లాగేసుకుంటారు. మళ్ళీ జన్మలో కాబిన్ ఎక్కనివ్వరు."

"ఎక్కకపోతే ఏం మునిగిపోయింది?"

"కింద నేనెవర్నే? గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు, వచ్చే పోయే లారీలకి చెయ్యి ఊపమని."

"చెయ్యి ఊపగలిగితే అదే పదివేలు!"

"నీకేం తెలుసు..."

"నాకేం తెలీదా? ముప్ఫై ఏళ్ళుగా..."

ఇద్దరి గొంతులూ ఒకేసారి లేచాయి. ఎవరేమన్నారో ఇంకొకరికి తెలియలేదు. తమ్ముడు ఈల తీసి ఒక్కసారి ఊదాడు. ఇల్లు దద్దరిల్లింది.

"వాకీటాకీ మర్యాద నేర్చుకోండి మీరిద్దరూ," అన్నాడు. "ఒకళ్ళు బటన్ నొక్కినప్పుడు ఇంకొకళ్ళు వదలాలి. ఇద్దరూ నొక్కి పట్టుకుంటే ఎవరి మాటా ఎవరికీ చేరదు."

మామూలు రోజైతే ఈ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్ళు. బావ నవ్వబోయాడు కూడా. ఆ నవ్వు చూసేసరికి అక్కకి ఒళ్ళు మండిపోయింది.

"ఆ పైనున్న గూడు మీకంత ప్రాణమైతే పోండి! అక్కడే ఉండిపోండి! మళ్ళీ దిగి రాకండి!"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అన్న మరుక్షణమే నాలిక కరుచుకుంది. కానీ మాట వెళ్ళిపోయింది.

బావ లేచి, పరిచి ఉన్న చొక్కాల్లోంచి ఒకటి తీసి తొడుక్కున్నాడు.

"సంచీ సర్దు," అన్నాడు మెల్లిగా. "ఆస్పత్రిలో చేరతాను. కాబిన్ తాళం నా దగ్గరే ఉంది. ఇంజనీరు చేతికి ఇచ్చి, ఉన్న సంగతి చెప్పి వచ్చేస్తాను."

"ఎక్కరుగా?"

"ఎక్కను."

"నా మీద ఒట్టు వేయండి."

ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఎడమచెయ్యి పెట్టాడు. ఆ కంగారులో అక్క అది గమనించలేదు. చొక్కా పైగుండీ పెట్టుకోకుండా వదిలేశాడని మాత్రం చూసింది, ఉక్కగా ఉందిలే అనుకుంది.

* * *

ఇంట్లో ఆడవాళ్ళిద్దరే మిగిలారు. అక్క సంచీలో లుంగీ, దుప్పటి, గ్లాసు పెట్టింది. అత్తగారు చిక్కుడుకాయలు పక్కన పెట్టేసి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆవిడ నిద్రపోవడం లేదని అక్కకి తెలుసు. కదిలించబుద్ధి కాలేదు.

చేతులు పని చేస్తుంటే చెవుల్లో మాత్రం నిన్న సాయంత్రం డాక్టరమ్మ చెప్పిన మాటలే తిరుగుతున్నాయి.

స్కానింగ్ బొమ్మలో మెడ ఎడమవైపు నాళాన్ని వేలితో చూపించింది ఆ అమ్మాయి. "లోపల సన్నటి పొర ఉంటుందండీ, నోట్లో బుగ్గ లోపలిది ఉంటుందే, అంతకన్నా సున్నితం. రక్తపోటు ఎక్కువై ఏళ్ళ తరబడి తోసుకొస్తుంటే ఆ పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట రక్తంలోని చెడ్డ కొవ్వు దూరి కూర్చుంటుంది. గోడ ఉబ్బుతుంది, బిరుసెక్కుతుంది, దారి ఇరుకవుతుంది."

"పైపుకి తుప్పు పట్టినట్టా?" అన్నాడు బావ, ఇనుముతో బతికిన మనిషి కాబట్టి.

"పైపైతే కోసి కొత్తది వేసుకుందుం. దీనికి ప్రాణం ఉంది. ఆ కొవ్వు మీది పెచ్చు పగిలితే పుండు అనుకుని రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డలోంచి ముక్క ఊడి పైకి, మెదడుకి పోతుంది. మధ్యాహ్నం పోయింది చిన్న ముక్క, దానంతటదే కరిగింది. మీ చెయ్యి మీకు తిరిగొచ్చింది. ఇంకోటి కరుగుతుందని నేను చెప్పలేను."

"మరి నొప్పేం లేదే, ఇన్నేళ్ళూ?"

"అదే దీని దొంగబుద్ధి. నొప్పి ఉంటే మనిషి జాగ్రత్త పడతాడు." అని అక్క వైపు తిరిగింది. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?"

"నా చేత్తోనే ఇస్తానమ్మా, ఒక్క పూట తప్పకుండా," అంది అక్క. ఎంత గర్వంగా అందో! డాక్టరమ్మ బొమ్మనీ వీళ్ళనీ మార్చి మార్చి చూసింది. రోజూ వేసుకునే మనిషికి ఇలా ఎందుకు ముదిరిందో అర్థంకాక నొసలు చిట్లించింది. ఇవాళ్టి నుంచే ఆస్పత్రిలో ఉండాలంది. తెల్లారి వస్తానని బావ లేచాడు.

అక్క సంచీ మూతి ముడేసి ఫోను తీసింది. జేబుల సంగతి, ఒంటికి సంగతి, కాళ్ళ పీకుడు సంగతి, అంతా దాచకుండా డాక్టరమ్మకి చెప్పేసింది.



"అయ్యో," అంది డాక్టరమ్మ. "ఒక్క మాట చెప్పి ఉంటే వేరే రకం రాసిచ్చేదాన్ని కదండీ! ఒంటికి ఎక్కువ రానివి బోలెడున్నాయి. కాళ్ళు పీకితే ఆ మాత్ర కూడా తగ్గించో మార్చో చూసేవాళ్ళం. ఇంత చిన్న సంగతి..."

"ఇంత చిన్న సంగతేనా అమ్మా?"

"అంతేనండీ. ఎక్కడున్నారాయన? వెంటనే తీసుకురండి."

ఫోను పెట్టేశాక అక్క అలాగే కూలబడింది. పెద్ద శత్రువెవరో తమ సంసారం మీద పడ్డాడనుకుంది ఇంతసేపూ. తీరా చూస్తే ఓ మగమనిషి మొహమాటం. ఆ మొహమాటాన్ని కనిపెట్టలేని తన పిచ్చి నమ్మకం. మాత్ర చేతిలో పెట్టి అటు తిరిగేది గానీ ఏనాడూ నోట్లోకి పోయిందా అని చూడలేదు. మొగుణ్ణి అలా అనుమానించడం తప్పనుకుంది!

ఇంకా రాలేదేం?

బావకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తమ్ముడికి చేసింది. వాడూ ఎత్తలేదు.

వెనకవైపు బట్టలారేసే వసారాలోకి వెళ్ళింది. అక్కడ నిలబడితే రెండు మేడల సందులోంచి క్రేన్ కొస కనిపిస్తుంది. రోజూ తడిబట్టలు దులుపుతూ దాన్నోసారి చూడటం ఆమెకి అలవాటు. ఆరేసిన చీర చెంగు కూడా కదలడం లేదు. ఆకాశం ఉక్కపోతతో బూడిదరంగులో ఉంది. ఎవరూ లేని క్రేన్ గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుందని బావే చెప్పాడు ఒకసారి.

ఇప్పుడు గాలి లేదు. అయినా క్రేన్ తిరుగుతోంది.

కుదుపు లేకుండా, వచ్చి ఆగాల్సిన చోట మెత్తగా ఆగింది. అలా ఆపేవాడు ఆ సైటులో ఒక్కడే.

"అత్తయ్యా, ఎక్కేశారు!" అని అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

* * *

గేటు కాపలావాడు "అక్కా, హెల్మెట్" అంటూ వెంటపడ్డాడు. ఆవిడ వినిపించుకోలేదు. కంకర కాళ్ళకి గుచ్చుకుంటోంది.

మెట్ల స్లాబు ఒకటి, తయారుగా పోతపోసి తెచ్చింది, నాలుగు గొలుసులకి వేలాడుతూ మధ్యలో ఆగిపోయి ఉంది. దాని కింద, కొంచెం ఎడంగా తమ్ముడు నిలబడ్డాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని "బావా, దించు. బావా, వినపడుతోందా? దించు బావా," అంటున్నాడు. గొంతులో రోజూ ఉండే హుషారు లేదు.

"ఒరే! ఎందుకెక్కనిచ్చావురా?"

తమ్ముడు తల తిప్పలేదు. వాడి కళ్ళు స్లాబు మీదే ఉన్నాయి. "లారీ వచ్చి నిలబడిందక్కా. బావ బదులు ఎక్కేవాడు రేపు గానీ దొరకడు. ఆఖరిసారిరా, ఇదొక్కటీ దించి తాళం ఇచ్చేస్తా, మీ అక్కకి చెప్పకు అన్నాడు. బావ కళ్ళలో నీళ్ళు నేనెప్పుడూ చూళ్ళేదక్కా. కాదనలేకపోయాను."

"నువ్వు దాని కిందెందుకు నిలబడ్డావు?"

"నేనిక్కడ ఉంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని దించుతాడని."

ఇద్దరూ ఇద్దరే! అక్క వాడి చొక్కా పట్టుకుని అవతలికి లాగేసింది. పనివాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఇంజనీరు తన గదిలోంచి బయటికొచ్చి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

అంత ఎత్తున, అగ్గిపెట్టంత అద్దాల గది. లోపల ఏమీ కనిపించడం లేదు.

స్లాబు కదిలింది.

జానెడు దిగింది. ఆగింది. మళ్ళీ జానెడు. రోజూ చెంచాలోంచి పాలు పోసినట్టు దించే మనిషి, ఇవాళ తడుముకుంటూ దించుతున్నాడు. కుడిచేత్తో పట్టుకోవాల్సిన పిడిని ఎడమచెయ్యి అడ్డంగా చాపి పట్టుకున్నాడని తమ్ముడికి అర్థమైంది. అక్కకి చెప్పలేదు.

చాలాసేపటికి స్లాబు చెక్కదుంగల మీద ఆనింది. గొలుసులు వదులయ్యాయి. పనివాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. తమ్ముడు వాకీటాకీని అక్క చేతిలో పెట్టి, "మాట్లాడిస్తూ ఉండు, నేను పోతున్నా," అని నిచ్చెన వైపు పరిగెత్తాడు. ఇంజనీరు ఫోనులో అంబులెన్సు వాళ్ళకి దారి చెబుతున్నాడు.

అక్క బటన్ నొక్కింది. "ఏమండీ. నేనండీ."

వదిలింది. గరగరమని చప్పుడు వచ్చింది.

"దిగిందా?" బావ గొంతే. నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

"దిగిందండీ. నేల మీద పెట్టేశారు."

"వాడికి... తగల్లేదుగా?"

"లేదండీ. మీ దగ్గరికే ఎక్కుతున్నాడు. మీరు కదలకండి. డాక్టరమ్మ వేరే మాత్ర ఇస్తానంది. ఒంటికి రాదట. వింటున్నారా? అంతా చెప్పేశాను, ఆవిడ నవ్వలేదు కూడా. మీరు ఊరికే సిగ్గుపడ్డారు."

ఆ మాట సైటులో ఉన్న వాకీటాకీలన్నిట్లోనూ వినిపించింది. ఒక్కరూ నవ్వలేదు. కొందరు హెల్మెట్లు తీసేశారు, ఎందుకు తీశారో వాళ్ళకే తెలీదు.

పైనుంచి జవాబు రాలేదు. తమ్ముడు నిచ్చెన మొదటి మజిలీ దాటాడు. అంత కింద నుంచి చూస్తుంటే వాడు ఎక్కుతున్నట్టే లేదు.

మళ్ళీ గరగర.

"ఏమే... పైనే..." ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "ఉండి... పొమ్మన్నా... గా..."

నవ్వుతున్నాడు. అంత అవస్థలోనూ ఆమెని ఆటపట్టిస్తున్నాడు. చివరి మాట సగంలోనే నలిగిపోయింది.

"కోపంలో అన్నానండీ!" అక్క బటన్ మీద బలమంతా పెట్టి నొక్కింది. "దిగి రండి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు గేటు దగ్గర కుర్చీలో కూర్చోండి, ఏ పనీ చేయకండి, నాకు మీరుంటే చాలు. వింటున్నారా? దిగి రండి!"

బటన్ వదిలింది. గరగర వస్తూనే ఉంది. అందులోంచి బావ ఊపిరి వినిపిస్తోంది, బరువుగా, ఒకదాని తర్వాత ఒకటిగా.

మళ్ళీ నొక్కి అదే మాట చెప్పింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ అదే ఊపిరి.

అప్పుడు గుర్తొచ్చింది పొద్దున తమ్ముడన్న మాట. పైన బావ వేలు బటన్ మీదే బిగుసుకుపోయింది. ఆ వేలు లేచేదాకా కిందివాళ్ళ మాట పైకి చేరదు. దిగి రమ్మని, మాట వెనక్కి తీసుకుంటున్నానని తాను చెప్పిందేదీ ఆయన వినలేదు. ఆయన చెవిలో ఇప్పటికీ ఉన్నది పొద్దున తానన్న మాటే.

అక్క వాకీటాకీని చెవికి ఆనించుకుని, పైకి చూస్తూ నిలబడింది.